స్కార్మ్ జిప్ దించుకున్నంత మాత్రాన కోర్సు మీ చేతికి వచ్చినట్టు కాదు

కావలి నుంచి అడిగిన మేడం గారికి,

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు ఇంటర్ ఫిజిక్స్ చెప్తారు. ఒక కోచింగ్ సంస్థ కోసం బ్రౌజర్‌లోనే నడిచే ఆథరింగ్ టూల్‌లో (డిజిటల్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) 38 పాఠాలు కట్టారు. ఆ టూల్ చందా ఇంకో మూడు వారాల్లో అయిపోతుంది, సంస్థ ఈసారి కట్టనంటోంది. మీరు పాఠాలన్నీ స్కార్మ్ జిప్‌లుగా, అంటే ఎల్ఎంఎస్‌లో (విద్యార్థులకు పాఠాలు చూపించి మార్కులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌లో) నడిచే మూటలుగా దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నారు. ఇది చాలదా, రేపు ఇంకో టూల్‌లో వీటిని తెరిచి దిద్దుకోవచ్చా, అసలు ఈ సోర్సు, అంటే దిద్దుకోవడానికి వీలైన మూలం, నాదా సంస్థదా అని అడిగారు.

చాలదు మేడం. ఆ జిప్‌లు పిల్లలకు పాఠం చూపించడానికి పనికొస్తాయి, మీరు దిద్దుకోవడానికి పనికిరావు. మన వైపు మాటల్లో చెప్పాలంటే అవి బియ్యం. ఎంత మంచి మొలగొలుకులైనా మరపట్టించాక వండుకోవాల్సిందే, వాటితో నారు పోయలేం. మీకు కావాల్సింది విత్తన వడ్లు, అంటే పాఠాల అసలు సరుకు. మీ చేతిలో ఇంకా మూడు వారాలుంది, టూల్ ఇంకా తెరుచుకుంటోంది కాబట్టి 38 పాఠాలకూ అవి తీసి పెట్టుకోవచ్చు. హక్కు ఎవరిదన్నది మీరు సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి ఉంటుంది, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

నేను నెల్లూరులో ఉంటాను. 15 ఏళ్లుగా కాలేజీలకు, ఆక్వా కంపెనీల సిబ్బంది శిక్షణకు డిజిటల్ పాఠాలు తయారుచేసే పనిలోనే ఉన్నాను. కింద రాసేవన్నీ చేసి చూసినవి, కొన్ని పోగొట్టుకుని నేర్చుకున్నవి.

ముందు ఒక పని చేయండి. మీ జిప్‌లలో ఏదో ఒకటి విప్పి లోపల చూడండి. ఐఎంఎస్ మేనిఫెస్ట్ అని ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు కనిపిస్తుంది. లారీ డ్రైవర్ దగ్గరుండే వేబిల్లు లాంటిది అది. ఈ మూటలో ఏమేం ఉన్నాయి, పాఠం ఏ పేజీ నుంచి మొదలవ్వాలి అన్నది ఎల్ఎంఎస్‌కు చెప్తుంది. పక్కనే జావాస్క్రిప్ట్ ఫైళ్లు, ఒక ఫోల్డర్ నిండా బొమ్మలు. ఆ బొమ్మల పేర్లు చూడండి: మీరు పెట్టిన "తరంగ దైర్ఘ్యం పటం 2" లాంటి పేరు చాలా టూల్స్‌లో ఉండదు, అర్థం లేని అక్షరాలు అంకెల పొడుగాటి వరుస ఉంటుంది. బొమ్మ సైజు కూడా మీరు ఎక్కించినప్పటి కంటే తగ్గి ఉండొచ్చు, ఎందుకంటే త్వరగా లోడవ్వాలని టూల్స్ ఎక్కించేటప్పుడే కుదించేస్తాయి. ఇక మీరు రాసిన తెలుగు కోసం వెతకండి. నేను విప్పి చూసిన వాటిలో కొన్నిటిలో పాఠమంతా ఒకే ఒక్క పొడవాటి సంకేతాల ముద్దగా ఉంది. ఇంకొన్నిటిలో తెలుగు అక్షరం ఒక్కొక్కటీ యు, సున్నా, సి అని మొదలయ్యే కోడుగా మారిపోయి ఉంది. గుణింతం ఒక కోడు, ఒత్తు ఒక కోడు. కంప్యూటర్ చదువుతుంది గానీ మీరు చదవలేరు.

ఇది ఆ టూల్ చేసిన మోసం కాదు. స్కార్మ్ అనే ప్రమాణం పుట్టిందే వేరే పని కోసం. ఇప్పటికీ ఎక్కువ చోట్ల నడుస్తున్న 1.2 వెర్షన్ 2001లో వచ్చింది. ఒక చోట తయారైన పాఠం ఏ ఎల్ఎంఎస్‌లోనైనా నడవాలి, విద్యార్థి పూర్తి చేశాడా, ఎన్ని మార్కులొచ్చాయి అన్నది అక్కడికి చేరాలి. అంతవరకే దాని బాధ్యత. పాఠాన్ని మళ్లీ విప్పి దిద్దడం దాని పని కాదు. అందుకే ఒక టూల్ ఇచ్చిన స్కార్మ్‌ను ఇంకో టూల్ మామూలుగా "దిద్దడానికి" తెరవలేదు. కొన్ని టూల్స్ ఆ జిప్‌ను ముక్కగా తమ పేజీలో ఇముడ్చుకుంటాయి. లోపలి అక్షరం మాత్రం మార్చనివ్వవు.

టూల్స్ రెండు రకాలు, మీది ఏ రకమో ఈ రోజే తేల్చుకోండి.

మొదటి రకం, సోర్సును ఫైలుగా మీ చేతికిచ్చేవి. మూడుల్ అనే ఎల్ఎంఎస్‌లో కోర్సు బ్యాకప్ తీస్తే .ఎంబీజడ్ ఫైలు వస్తుంది. పాఠాలు, క్విజ్‌లు, ఎక్కించిన ఫైళ్లు అందులోనే ఉంటాయి, ఇంకో మూడుల్‌లో రిస్టోర్ చేసి దిద్దుకోవచ్చు. హెచ్5పీ అనే పాఠాల టూల్ అయితే ఇంకా తేలిక. "రీయూజ్" నొక్కితే .హెచ్5పీ ఫైలు దిగుతుంది. నిజానికి అదొక జిప్పే, కానీ లోపల ఉండేది మళ్లీ దిద్దడానికి వీలైన అసలు పాఠం. లూమి అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంటర్నెట్ లేకుండా మీ ల్యాప్‌టాప్‌లోనే తెరిచి మార్చుకోవచ్చు. ఈఎక్స్‌ఈ లెర్నింగ్ అనేది కూడా ఉచితమే, సోర్సు కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. స్టోరీలైన్, క్యాప్టివేట్ లాంటి డెస్క్‌టాప్ టూల్స్ ఖరీదైనవే అయినా ప్రాజెక్టు ఫైలు మీ హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. ఐస్ప్రింగ్ సూట్‌లో మూలం పవర్‌పాయింట్ ఫైలే.

రెండో రకం, అంతా వాళ్ల సర్వర్ మీదే ఉండేవి. రైజ్ ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. పని చాలా సుఖం, పాఠం చూడముచ్చటగా వస్తుంది. అయితే దించుకునే సోర్సు ఫైలంటూ ఉండదు. స్కార్మ్, వెబ్, పీడీఎఫ్ రూపాల్లో ఎక్స్‌పోర్ట్ దొరుకుతుంది, లేదా అదే చందా ఉన్న ఇంకొకరి ఖాతాకు పాఠం కాపీ పంపొచ్చు. మీరు వర్ణించిన దాన్ని బట్టి మీ టూల్ కూడా ఈ రకమే అనిపిస్తోంది.

రెండో రకం వాడకూడదని నేననను. నేనూ వాడతాను. దాన్ని కుట్టు మిషన్‌లా వాడాలి, బీరువాలా కాదు. గుడ్డ మీ ఇంట్లో ఉండాలి, కొలతల పుస్తకం మీ ఇంట్లో ఉండాలి, మిషన్ మాత్రం ఎవరిదైనా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు. ఇలాంటి టూల్స్‌లో కొన్నిటికి అనువాదం కోసం ఎక్స్‌లిఫ్ అనే ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసే సదుపాయం ఉంటుంది, రైజ్‌లో ఉంది. దాన్ని అనువాదకులే వాడాలని లేదు. పాఠంలోని వచనమంతా, క్విజ్ ప్రశ్నలతో సహా, వరుసగా ఒక ఫైల్లోకి వచ్చేస్తుంది. మీ సెట్టింగ్స్‌లో "ట్రాన్స్‌లేషన్" అన్న మాట కనిపిస్తే ముందు 38 పాఠాలకూ అది తీసి పెట్టండి. ఒక పూట పని.

పీడీఎఫ్ కూడా తీసుకోండి, కాకపోతే చూసుకోవడానికి మాత్రమే. స్క్రీన్ ఎలా ఉండేదో, ఏ బొమ్మ తర్వాత ఏ మాట వచ్చేదో అది గుర్తు చేస్తుంది. అందులోంచి తెలుగు కాపీ చేసుకోవచ్చనుకుంటే మాత్రం దెబ్బతింటారు. చాలా పీడీఎఫ్‌లలోంచి తెలుగు కాపీ చేసి వర్డ్‌లో పెడితే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఇంకోచోట పడతాయి. "ద్రవ్యరాశి" అన్న మాట ఎన్ని రకాలుగా విరగ్గలదో నేను చూశాను. ఇంగ్లిష్ పాఠాలు చేసేవాళ్లకు ఈ బాధ లేదు కాబట్టి ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ దీన్ని చెప్పరు.

మీ అసలు సోర్సు టూల్‌లో లేదు, టూల్‌లోకి ఎక్కక ముందు మీ దగ్గరున్న సరుకే అసలు సోర్సు.

నా దగ్గర ఒక్కో పాఠానికి ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. అందులో మొదటిది స్క్రిప్టు, వర్డ్ ఫైలుగా. స్క్రీన్ 1లో ఏ మాటలు, ఏ బొమ్మ, ఏది నొక్కితే ఏం తెరుచుకోవాలి అని రెండు నిలువు వరుసల పట్టిక. తర్వాత బొమ్మల అసలు ఫైళ్లు, అంటే మళ్లీ దిద్దడానికి వీలైనవి. టూల్ కుదించినవి కావు. వాయిస్ రికార్డింగ్ వేవ్ ఫైలుగా, ఎంపీ3గా మాత్రమే కాదు. వీడియోకు సబ్‌టైటిల్ ఫైలు విడిగా. ప్రశ్నలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో: ప్రశ్న, నాలుగు జవాబులు, సరైనది ఏది, తప్పు చెప్తే విద్యార్థికి చూపించే వివరణ. ఈ వివరణల కాలమ్‌ను అందరూ మర్చిపోతారు. మీరు పాతికేళ్లు క్లాసులో నిలబడి నేర్చుకున్నది ఉండేది అక్కడే: పిల్లవాడు ఏ జవాబు ఎందుకు తప్పుగా ఎంచుకుంటాడన్నది. అది టూల్‌లో నేరుగా టైప్ చేసి వదిలేస్తే టూల్‌తో పాటే పోతుంది.

స్క్రిప్టు గురించి ఒక హెచ్చరిక. మన వైపు డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. ఒక కాలేజీ వాళ్లు కెమిస్ట్రీ స్క్రిప్టులు భద్రంగా ఉన్నాయని సీడీ ఇస్తే తీరా తెరిచేసరికి ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అంతా పిచ్చి గుర్తులు. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాని ఫాంట్‌లో టైప్ చేసింది నిజానికి తెలుగు కాదు, తెలుగులా కనిపించే ఇంగ్లిష్ గుర్తులు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ మార్చాక అక్షరం అక్షరం చదివి దిద్దాలి. స్క్రిప్టు యూనికోడ్‌లోనే ఉండాలి. ఫైళ్ల పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పెట్టండి. తెలుగు పేర్లున్న ఫైళ్లను జిప్ చేసి పాత కంప్యూటర్‌లో విప్పితే పేర్లు చెడిపోవడం నాకు రెండుసార్లు అనుభవం.

మార్కాపురం దగ్గర ఒక బయాలజీ లెక్చరర్ గారు ఉన్నారు, కంప్యూటర్ అంటే పెద్ద చనువు లేదు. ఆవిడ వాడిన టూల్ కంపెనీ సేవ ఆపేసింది, పాఠాలు పోయాయి. నాకు ఫోన్ చేసినప్పుడు నేను కంగారు పడ్డాను, ఆవిడ పడలేదు. ప్రతి పాఠానికీ రూళ్ల నోటుబుక్కులో స్క్రీన్ స్క్రీన్‌గా పెన్సిల్‌తో గీసిపెట్టుకున్నారు. పక్కనే ఎర్ర పెన్నుతో "ఇక్కడ పిల్లలు ధమని, సిర తారుమారు చేస్తారు, ముందే అడగాలి" లాంటి గమనికలు. ఆ నోటుబుక్కులు ముందేసుకుని ఇంకో టూల్‌లో అన్నీ మళ్లీ కట్టేశాం, ఈసారి ఇంకా బాగా వచ్చాయి.

దీనికి పూర్తిగా తిరగబడిన కథ నాది. స్మార్ట్ క్లాసులు కొత్తగా వస్తున్న రోజుల్లో ఒక ప్రచురణ సంస్థకు ఫ్లాష్ అనే అడోబీ సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్లు చేసిచ్చాను. ఫ్లాష్‌లో .ఎఫ్ఎల్ఏ మూలం, .ఎస్‌డబ్ల్యూఎఫ్ ప్రచురించినది. సంస్థకు నడిచే ఫైలు ఇచ్చాను, వాళ్లకు అది చాలు. కంప్యూటర్ మార్చేటప్పుడు నేను కూడా నడిచే ఫైళ్లే దాచుకున్నాను. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపింది, 2021 జనవరి 12 నుంచి అందులో పాఠాలు నడవకుండా అడ్డుకుంది. .ఎఫ్ఎల్ఏ దాచుకున్నవాళ్లు దాన్ని అడోబీ యానిమేట్‌లో తెరిచి బ్రౌజర్‌లో నేరుగా నడిచే హెచ్‌టీఎంఎల్5కి మార్చుకున్నారు. నాకు కటకాల మీద, సరళ హరాత్మక చలనం మీద చేసిన బొమ్మలు ఇప్పటికీ లేవు. లోలకం ఊగుతుంటే పక్కన గ్రాఫ్ గీసుకుంటూ పోయే ఒక బొమ్మ చేశాను, దాని మీద రెండు వారాలు కూర్చున్నాను. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఖాతా ఎవరి మెయిల్ మీద ఉంది? బ్యాకప్ కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. నెల్లూరులోనే ఒక కాలేజీలో ఒక మాస్టారు కాలేజీ ఇచ్చిన గూగుల్ ఖాతాలో రెండేళ్ల పాఠాలు, వీడియోలు పెట్టుకున్నారు. ఉద్యోగం మారారు, కాలేజీ ఆ ఖాతా తీసేసింది. సంస్థల గూగుల్ ఖాతా తొలగించాక అడ్మిన్ దాన్ని తిరిగి తేగలిగేది 20 రోజుల్లోపే. ఆయనకు విషయం తెలిసేసరికి రెండు నెలలైంది. మీ ఆథరింగ్ టూల్ ఖాతా సంస్థ మెయిల్ మీద ఉంటే చందా గడువు దాకా కూడా ఆగకండి, వాళ్లు ఏ రోజైనా పాస్‌వర్డ్ మార్చొచ్చు.

గూగుల్ డ్రైవ్ వాడేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు. కంప్యూటర్‌లో డ్రైవ్ ఫోల్డర్‌లో కనిపించే గూగుల్ డాక్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి లాగి బ్యాకప్ అయిందనుకుంటారు. ఆ ఫైలు వట్టి చిరునామా చీటీ, దాంట్లో పాఠం ఉండదు. గూగుల్ ఖాతాలోని సరుకంతా దించుకునే టేక్‌అవుట్ సదుపాయం ద్వారా తీస్తే వర్డ్, ఎక్సెల్ ఫైళ్లుగా మారి వస్తాయి, అవి అసలైనవి. యూట్యూబ్‌లో పెట్టిన మీ వీడియోలను కూడా టేక్‌అవుట్‌తోనే తీయండి. యూట్యూబ్ స్టూడియోలోంచి దించితే ఎక్కువలో ఎక్కువ 720పీ వస్తుంది, బోర్డు మీద సన్నటి సమీకరణాలు మసకగా కనిపిస్తాయి.

తీసిన బ్యాకప్‌ను తెరిచి చూడండి. 2022లో ఆక్వా శిక్షణ కోర్సు ఒకటి మూడుల్ నుంచి తీశాను. వెనామీ రొయ్యల చెరువులో ఆక్సిజన్, పీహెచ్ ఎలా చూడాలన్నది విషయం. ఫైలు దిగింది, సంతోషంగా దాచాను. ఆరు నెలలకు ఇంకో సర్వర్‌లో రిస్టోర్ చేయబోతే మొదట అసలు ఎక్కలేదు, ఆ సర్వర్ అప్‌లోడ్ పరిమితి నా ఫైలు కంటే తక్కువ. హోస్టింగ్ వాళ్లతో మాట్లాడి అది పెంచుకున్నాక ఎక్కింది, కానీ నాలుగు వీడియోలు లేవు. వాటిని మూడుల్‌లోకి ఎక్కించలేదు, వేరే సైటు లింకుగా పెట్టాను. లింకును బ్యాకప్ చేస్తే లింకే వస్తుంది. అప్పటి నుంచి ఏ కోర్సు బ్యాకప్ తీసినా అదే వారం ఖాళీ చోట రిస్టోర్ చేసి, ఒక పాఠం మొదటి నుంచి చివరి దాకా నొక్కి చూస్తాను. ఇంకొకటి గుర్తుంచుకోండి: కొత్త వెర్షన్ మూడుల్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో సరిగ్గా రిస్టోర్ అవుతుందన్న నమ్మకం లేదు. ఏ వెర్షన్‌లో తీశారో ఫైలు పేరులోనే రాయండి.

ఎన్ని కాపీలు ఉండాలన్న దానికి అందరూ చెప్పే 3-2-1 లెక్క బాగానే పనిచేస్తుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటికి దూరంగా. మూడోదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. 2021 నవంబర్‌లో పెన్నా పొంగినప్పుడు నెల్లూరులో నది ఒడ్డు కాలనీలు మునిగాయి కదా. నా స్నేహితుడి ఎడిటింగ్ గది అటువైపే, కింది అంతస్తు. కంప్యూటర్ టేబుల్ మీద, బ్యాకప్ హార్డ్‌డిస్క్ టేబుల్ సొరుగులో. బురద తీసి ఆరబెట్టాక ఒక్కటీ తిరగలేదు. ఇప్పుడు ఆయన డిస్క్ ఒకటి ఒంగోలులో వాళ్ల అక్క ఇంట్లో ఉంటుంది, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాడు. మీరు పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకున్నట్టు రాశారు. అది ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లడానికే బాగుంటుంది, ఏళ్ల తరబడి దాచడానికి కాదు.

ఇక హక్కు సంగతి. నేను లాయర్‌ని కాను, కానీ ఈ విషయంలో రెండుసార్లు లాయర్ దగ్గర కూర్చున్నాను. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, జీతం తీసుకునే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. మీరు ఆ సంస్థలో నెల జీతానికి ఉండి, పాఠాలు తయారుచేయడం మీ ఉద్యోగంలో భాగమైతే వాళ్ల మాటలో బలం ఉంది. అలా కాక పాఠానికింత అని బయట నుంచి చేసిచ్చి ఉంటే, రాసిన వచనం మీద మామూలుగా మొదటి హక్కు మీదే; అది సంస్థకు పోవాలంటే మీ సంతకంతో రాతపూర్వకంగా బదిలీ జరగాలి, 19వ సెక్షన్ చెప్పేది అదే. ఆ బదిలీ కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లకని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. అయితే డబ్బిచ్చి చేయించుకున్న వీడియోలు, ఫొటోల విషయంలో వేరే ఒప్పందం లేకపోతే హక్కు చేయించుకున్నవాళ్లకు పోతుంది. అంటే ఒకే పాఠంలో మాటలు మీవి, వీడియో వాళ్లది కావచ్చు. పాఠ్యపుస్తకం నుంచి స్కాన్ చేసిన పటాలు మీ ఇద్దరివీ కావు, వాటిని మళ్లీ మీరే గీసుకోండి. మీరు సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉంటే, అది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అయినా సరే, తీసి ఒకసారి ఎవరైనా లాయర్‌కు చూపించండి.

సంస్థతో గొడవ పెట్టుకోకుండా ఒక మార్గం ఉంది, నేను నాలుగేళ్లుగా ప్రతి కొత్త పనిలో ఇదే రాయించుకుంటున్నాను: పూర్తయిన పాఠం, సోర్సు సరుకు రెండూ సంస్థకు ఇస్తాను, నా దగ్గర ఒక కాపీ ఉంచుకుంటాను, స్క్రిప్టును, ప్రశ్నలను నా క్లాసులో వాడుకునే హక్కు నాకుంటుంది. చాలామంది ఒప్పుకుంటారు. నిజానికి వాళ్లకు కూడా సోర్సు కావాలి, రేపు సిలబస్ మారితే దిద్దించుకోవాలి కదా. మీ సంస్థ వాళ్లకు "చందా ఆగితే మీరూ దిద్దలేరు, సరుకంతా తీసి ఇద్దరం చెరో కాపీ ఉంచుకుందాం" అని మెయిల్ పెట్టండి. ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే.

ఈ మూడు వారాల్లో మీ వరుస ఇలా ఉంటే మంచిది. రేపు ఆ మెయిల్ పంపండి. ఎక్స్‌లిఫ్ దొరికితే ఈ వారాంతంలోగా అది తీయండి, దొరక్కపోతే ఒక్కో పాఠం స్క్రీన్‌లోంచి నేరుగా వచనం వర్డ్‌లోకి కాపీ చేయడం మొదలుపెట్టండి. రోజుకు మూడు పాఠాల చొప్పున పదమూడు రోజుల్లో 38 అయిపోతాయి. స్క్రీన్ మీంచి కాపీ చేస్తే తెలుగు చెడదు, పీడీఎఫ్‌తోనే చిక్కు. మీ ఫోన్‌లో, పాత ల్యాప్‌టాప్‌లో అసలు బొమ్మలు, ఆడియోలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి ఆ పాఠం ఫోల్డర్‌లోకి చేర్చండి. దొరకని వాటికి మాత్రమే జిప్‌లోవి తీసుకోండి. చివరి వారంలో ఒక్క పాఠాన్ని, అన్నిటికంటే చిక్కుగా ఉన్నదాన్ని, హెచ్5పీలోనో ఈఎక్స్‌ఈ లెర్నింగ్‌లోనో మళ్లీ కట్టి చూడండి. మీ ఫోల్డర్‌లో ఏం తక్కువైందో అప్పుడు బయటపడుతుంది, పాత టూల్ ఇంకా తెరిచే ఉంటుంది కాబట్టి వెళ్లి తెచ్చుకోవచ్చు.

టూల్ పేరు, సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ కింద కనిపించేవన్నీ రాసి పెట్టండి మేడం. దానికి తగ్గట్టు ఇంకా ఏమైనా తీయొచ్చేమో చూసి చెప్తాను.